క్రాస్ స్టిచ్ వెనుకవైపు: అపోహలు, వాస్తవాలు

గళ్ల బట్ట మీద దారంతో గుణకారం గుర్తులు వేసి బొమ్మను నింపే క్రాస్ స్టిచ్ కుట్టును నేర్పడం మొదలుపెట్టి 18 ఏళ్లు దాటింది. పూర్తయిన బట్టలను ఉతికి, ఇస్త్రీ చేసి, అట్టకు బిగించి ఫ్రేముకు సిద్ధం చేసే పని కూడా ఇంటి దగ్గరే చేస్తాను. ఆ పని మీద వచ్చేవారిలో చాలామంది బట్టను నా చేతికి ఇస్తూనే, "వెనక మాత్రం తిప్పి చూడకండి మేడమ్" అని ముందుగా చెప్పుకుంటారు. నెలల తరబడి కళ్లు పొడుచుకుని కుట్టిన మనిషి తన పనిని చూపించడానికి అంతగా సంకోచించడం నాకు ప్రతిసారీ బాధ కలిగిస్తుంది.

మొన్న సంక్రాంతికి ముందు ఒకావిడ తెల్లటి మ్యాటీ క్లాత్ మీద కుట్టిన చిలకల జంటను తెచ్చారు. అంగుళానికి 14 గళ్ల బట్ట, రెండు పోగుల దారం, ఎనిమిది నెలల శ్రమ. ఒక చిలక నిండుగా, ఒక్క గడి కూడా తప్పకుండా ఉంది. రెండో చిలకకు రెక్క లేదు. వెనుకవైపు కూడా ముందువైపంత అందంగా ఉంటేనే అది పనితనమని ఎవరో అన్న మాట మనసులో పెట్టుకుని, ఆవిడ రెండు రాత్రులు కూర్చుని ఆ రెక్క మొత్తం విప్పేశారు. విప్పిన చోట తెల్లటి గళ్లలో ఆకుపచ్చ నూగు ఇరుక్కుపోయింది, పదే పదే లాగడం వల్ల రంధ్రాలు సాగిపోయాయి, ఒకచోట కత్తెర మొన తగిలి బట్ట పోగే తెగింది. అంతకుముందు ఆ రెక్కలో ఏ లోపమూ లేదని, వెనుక దారాలు కాస్త అడ్డదిడ్డంగా వెళ్లాయని మాత్రమే ఆవిడ చెప్పారు. వినలేకపోయాను.

ఈ పనిలో మనుషుల కష్టాన్ని అన్నిటికంటే ఎక్కువగా మింగేస్తున్న అపోహ ఇదే. వాస్తవం ఏమిటంటే, మామూలు క్రాస్ స్టిచ్‌లో వెనుకవైపు ముందువైపులా రావడం అసాధ్యం. సూది గడి కింది ఎడమ మూలలో పైకి వచ్చి, ఎదురుగా ఉన్న పై కుడి మూలలో దిగుతుంది. బట్ట వెనుక అక్కడి నుంచి నిలువుగా కిందికి జారి పక్క గడిని అందుకుంటుంది. వరుస చివరిదాకా ఇలా సగం కుట్లు వేసుకుంటూ వెళ్లి, తిరిగి వస్తూ రెండో సగం వేస్తే, ముందువైపు గుణకారం గుర్తులు, వెనుకవైపు పక్కపక్కనే నిలువు గీతలు ఏర్పడతాయి. ఈ కుట్టుకు శుభ్రమైన వెనుకవైపు అంటే ఆ నిలువు గీతలే. ఒక్కో గుర్తును అక్కడికక్కడే పూర్తిచేస్తూ వెళ్తే వాటితో పాటు ఏటవాలు గీతలు కూడా పడతాయి. గడి గడికీ రంగు మారే చోట అలా కుట్టక తప్పదు, అందులో దోషమూ లేదు.

రెండువైపులా ఒకేలా కనిపించే కుట్లు నిజంగానే ఉన్నాయి, ఈ అపోహ పుట్టింది కూడా వాటిని చూసేనని నా అభిప్రాయం. ఉత్తర కర్ణాటకలో, ధార్వాడ ప్రాంతపు కసూతి అనే ఎంబ్రాయిడరీలో గవంతి, ముర్గి అనే కుట్లు అటువంటివి. గవంతిలో సూది ఒక అడుగు పైన, ఒక అడుగు కింద నడిచి, మళ్లీ అదే దారిలో తిరిగి వస్తూ ఖాళీలను నింపుతుంది కనుక రెండువైపులా ఒకే గీత పడుతుంది. అయితే అదే కసూతిలో మెంతి గింజలతో పోల్చి మెంతి పేరుతో పిలిచే కుట్టు ఒకటి ఉంది. అది మన క్రాస్ స్టిచ్చే. దాని వెనుకవైపు ముందువైపులా ఉండదు, ఉండాలని కసూతి తెలిసినవారు కోరరు కూడా. గవంతికి చెల్లే నియమాన్ని తెచ్చి క్రాస్ స్టిచ్‌కు తగిలించి, దాని పేరు చెప్పి కొత్తగా నేర్చుకునేవారిని భయపెట్టడం అన్యాయం.

ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం ఉంది. ఎనిమిదో తరగతిలో కుట్టుపని పోటీకి ఒక నెమలిని కుట్టి ఇచ్చాను. బహుమతులు నిర్ణయించడానికి వచ్చినావిడ ముందువైపు ఒక్క చూపు కూడా చూడకుండా బట్టను తిరగేసి, పెదవి విరిచి పక్కన పెట్టారు. ఆ తరువాత రెండేళ్లు నేను సూది పట్టుకోలేదు. ఆ నెమలి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఈమధ్య తీసి చూస్తే వెనుక ఉన్నవి దాదాపు అన్నీ నిలువు గీతలే. రెండు చోట్ల మాత్రం నీలం దారం మెడ దగ్గరి నుంచి తోక దాకా దూకింది. ఆ రెండు చోట్లనూ వేలితో చూపించి, ఇక్కడ దారం తెంపి మళ్లీ మొదలుపెట్టమ్మా అని ఆవిడ చెప్పి ఉంటే సరిపోయేది.

వెనుకవైపు మనకు చేసిపెట్టవలసినవి మూడే పనులు. దారం కొసలు ఊడిరాకూడదు, ముందువైపు ఉబ్బులు తేలకూడదు, వెనుక పోయే ముదురు రంగు ముందుకు నీడలా కనిపించకూడదు. వీటిలో చివరి రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి బట్టను తిప్పి చూడనక్కరలేదు. తెల్లటి అట్ట మీద ముందువైపు పైకి వచ్చేలా పరిచి, మంచి వెలుతురులో చేయి చాపినంత దూరం నుంచి చూడండి. ఆ తరువాత కళ్లు మూసుకుని అరచేత్తో మెల్లగా నిమరండి. కంటికి గీత కనిపించకపోతే, చేతికి గుబ్బ తగలకపోతే, ఆ బట్ట ఫ్రేముకు సిద్ధంగా ఉన్నట్టే.

మరి ఎప్పుడు విప్పాలి అంటే, లెక్క తప్పి బొమ్మ పక్కకు జరిగినప్పుడు, పై సగం కుట్టు కొన్ని గళ్లలో ఎదురు దిక్కుకు పడి వెలుగులో తేడా తెలిసినప్పుడు విప్పాలి. వెనుక దారం దూకినందుకు కుట్లు విప్పవలసిన అవసరం సాధారణంగా రాదు. కుట్లు లేని తెల్లటి బట్ట వెనుక అంగుళానికి మించి ముదురు దారం పోయిందనుకోండి, దానిని నడిమికి కత్తిరించి, రెండు కొసలను అటూ ఇటూ ఉన్న అదే రంగు కుట్ల కిందికి దూర్చేయవచ్చు. కొస పొట్టిదైతే దారాన్ని ముందు సూదికి ఎక్కించవద్దు. ఉత్త సూదిని కుట్ల కింద నుంచి పోనిచ్చి, బెజ్జం కొస దగ్గరే ఆగేలా ఉంచి, అప్పుడు ఆ పొట్టి కొసను బెజ్జంలోకి ఎక్కించి సూదిని లాగేయాలి. అర అంగుళం కొస కూడా ఇలా లోపలికి వెళ్లిపోతుంది. అసలు దారం అలా దూకకుండా ఉండాలంటే, 14 గళ్ల బట్ట మీద మూడు నాలుగు గళ్లకు మించి, అంటే సుమారు పావు అంగుళానికి మించి, దారాన్ని వెనుక నడిపించకూడదు. మధ్యలో కుట్లు ఉంటే వాటి కింద నుంచి పోనివ్వాలి. నలుపు, ముదురు ఎరుపు దారాలను ఖాళీ తెల్లబట్ట వెనుక రెండు గళ్లు కూడా పోనివ్వకపోవడం మంచిది.

ముడి వేస్తేనే దారం గట్టిగా ఉంటుందన్నది రెండో అపోహ. జాకెట్టుకు హుక్కులు కుట్టే అలవాటుతో అందరి చేతులూ మొదట ముడి కోసమే వెళ్తాయి. మ్యాటీ క్లాత్ రంధ్రాలు పెద్దవి; రెండు పోగుల దారానికి వేసిన చిన్న ముడి కొన్ని ఉతుకుల తరువాత అందులోంచి జారి ముందుకు వచ్చేస్తుంది, దానితో మొదటి కుట్టు వదులవుతుంది. పెద్ద ముడి జారదు గాని, బట్టను అట్టకు బిగించినప్పుడు కంది గింజలా ముందుకు పొడుచుకు వస్తుంది. రెండు పోగులతో కుట్టేవారికి ముడి అవసరమే లేదు. ఒక్క పోగును రెండు మూరలు తీసుకుని సగానికి మడిచి, రెండు కొసలనూ సూదికి ఎక్కించండి. మొదటి సగం కుట్టు వేసేటప్పుడు మడత భాగాన్ని వెనుక కాస్త వదిలి, సూది వెనక్కి దిగగానే ఆ మడతలోంచి దూర్చి లాగితే దారం తనంతట తానే బిగుసుకుంటుంది. ముగించేటప్పుడు అదే రంగు కుట్ల కింద నాలుగైదింటిలోంచి సూదిని పోనిచ్చి, దారాన్ని దగ్గరగా కత్తిరించాలి. ఎర్ర కొసను తెల్ల కుట్ల కింద దాస్తే అది ముందుకు గులాబీ రంగుగా తేలుతుంది. పొడవుగా వదిలేసిన కొసలను తరువాతి కుట్లు పట్టుకుని ముందుకు లాక్కొస్తాయి.

పొడవాటి దారం తీసుకుంటే కొసలు తగ్గి వెనుక శుభ్రంగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. సూదిలో మూరెడు దారం, అంటే సుమారు 18 అంగుళాలు, చాలు. అంతకు మించితే మెలిపడుతుంది, చిక్కుపడుతుంది, బట్ట రాపిడికి నూగు లేస్తుంది. నాలుగైదు కుట్లకొకసారి బట్టను తలకిందులుగా పట్టుకుని సూదిని వేలాడనిస్తే మెలి విడిపోతుంది. వెనుక జిగురు పూసి కొసలను అతికించవద్దు. కాలం గడిచేకొద్దీ అది పసుపు మరకగా మారుతుంది, ఆ మరకను నేను ఎన్నడూ పూర్తిగా వదిలించలేకపోయాను. దిండు గలీబులకు, సంచులకు వెనుక లైనింగు వేస్తే దారాలకు రాపిడి ఉండదు. ఇస్త్రీ చేసేటప్పుడు మందపాటి తువ్వాలు మీద కుట్టును బోర్లించి వెనుక నుంచి చేయాలి.

చిలకల బట్ట మీది ఆకుపచ్చ నూగును సెల్లో టేపుతో అద్ది అద్ది చాలావరకు తీశాను. తెగినచోట, అదే బట్ట అంచు నుంచి లాగిన పోగును అల్లి పూడ్చాను. రెక్కను మళ్లీ కుట్టడానికి ఆవిడకు మూడు వారాలు పట్టింది.