"నాకు పిచ్చేమీ లేదండీ" అని మొదలుపెట్టేవాళ్ళకి

హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ అనగానే ఇప్పటికీ చాలామందికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి, పేరు కూడా చెప్పకుండా "మేడం, నాకు పిచ్చేమీ లేదండీ" అంటారు. లేదని నాకూ తెలుసు. కౌన్సెలర్‌గా నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఇంటి సంగతులే: ఎంపీసీ వద్దంటున్న పిల్లాడు, అత్తాకోడళ్ళ గొడవ, ఉద్యోగం పోయి మూణ్ణెల్లయినా ఇంట్లో చెప్పని భర్త.

అపోహ: కౌన్సెలర్ సలహా చెప్పి పంపిస్తారు.

సలహాలకు మన ఇళ్ళల్లో కరువా? మేనమామ నుంచి పక్కింటి ఆంటీ దాకా అందరూ ఇస్తారు. ఆ భర్తకి "ఆవిడకి చెప్పెయ్యండి" అనడానికి నేనెందుకు, అది ఆయనకీ తెలుసు. చెప్తే ఏమవుతుందని భయం, ఆ మాట ఎప్పుడు ఎత్తాలి, ఈఎంఐల సంగతి ఎలా చెప్పాలి, ఇవన్నీ ఇద్దరం కూర్చుని కాగితం మీద పెడతాం, ఒక్కోసారి ఆ నాలుగు మాటలూ ముందు నాతో అని చూసుకుంటారు. చాలాసార్లు నాలుగైదు సిట్టింగుల్లో తేలిపోతుంది.

అపోహ: థెరపీ అన్నా కౌన్సెలింగ్ అన్నా ఒకటే.

ఆ భర్తకే కొత్త ఉద్యోగం దొరికింది అనుకోండి, అయినా మేనేజర్ పిలిస్తే చాలు వణుకు, చిన్నప్పట్నుంచీ ఇంతేనట. ఎదుటి సమస్య తీరినా లోపలిది తీరలేదన్నమాట. అక్కడ సీబీటీ (ఆలోచించే తీరునీ, ప్రవర్తననీ మెల్లగా మార్చుకునే పద్ధతి) లాంటిదానితో, కొన్ని నెలలైనా పట్టే థెరపీ కావాలి. నిజానికి రెంటికీ మధ్య గోడేమీ లేదు, సీబీటీ మెళకువలు నేనూ వాడతాను. కానీ నా చేతిలో లేనిదైతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తాను. వాళ్ళకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. మందులు రాసేది సైకియాట్రిస్టు. మూడు రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళుమంట.

"మావాడు ఏం చెప్పాడో కాస్త చెప్పండి" అని బయట ఆపే తల్లిదండ్రులకి: చెప్పను. ప్రాణానికి ముప్పు అనిపిస్తే తప్ప. ఈ మాట మొదటి రోజే పిల్లాడి ముందే మీకూ చెప్తాను.

రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా సైకియాట్రిస్టుని కలవండి. ఏ అర్ధరాత్రైనా 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, 2022లో మొదలైంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.