పోలండ్ వైన్ పండుగ: స్టాల్ వెనక నిలబడి చూస్తే కనిపించే అపోహలు, వాస్తవాలు

పోలండ్ పశ్చిమ ప్రాంతంలో, జర్మనీ సరిహద్దుకు దగ్గరలో జెలోనా గూరా అనే నగరం ఉంది. ఏటా సెప్టెంబరులో అక్కడ ద్రాక్షకోత పండుగ జరుగుతుంది. దాని పేరు వినోబ్రానియె. పాత నగరం వీధుల్లో చెక్క స్టాళ్లు వెలుస్తాయి. మేయరు నగరం తాళంచెవులను రోమన్ల వైన్ దేవుడు బాక్కస్ వేషధారికి అప్పగిస్తారు. ఆ స్టాళ్లలో ఒకదాంట్లో వైన్ పోస్తూ, వచ్చినవాళ్లకు దాని గురించి చెప్పడం నా పని. పోలండ్‌లోని మరో నగరం వ్రొత్స్వాఫ్‌లో చదువుకునే తెలుగు పిల్లలు, ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలవాళ్లు కూడా వస్తుంటారు. వాళ్లు అడిగేవి, పోలండ్ వాళ్లే నమ్మేవి కలిపి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంత చలిదేశంలో ద్రాక్ష పండదు.

వాస్తవం: జెలోనా గూరా 52 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉంది. జర్మనీలో పేరుమోసిన రైన్ లోయ రీస్లింగ్ (ఒక తెల్లద్రాక్ష రకం) తోటలు 50 డిగ్రీల దగ్గర ఉన్నాయి. తేడా మీరు అనుకున్నంత లేదు. పైగా ఇక్కడ వేసవి పగళ్లు చాలా పొడవు. అసలు భయం చలికాలం గురించి కాదు, వసంతం గురించి. చలికాలంలో తీగ నిద్రలో ఉంటుంది. ఏప్రిల్‌లో మొగ్గ విచ్చుకున్నాక ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగిందంటే లేత చిగుళ్లు మాడిపోతాయి. 2024 ఏప్రిల్‌లో పోలండ్ తోటలను దెబ్బతీసింది అదే. మే 12 నుంచి 15 వరకు వచ్చే నలుగురు సెయింట్ల రోజులు దాటేవరకు చలి పూర్తిగా పోదని ఇక్కడి రైతుల నమ్మకం. మంచు పడే రాత్రుల్లో వరుసల మధ్య పారఫిన్ డబ్బాలు వెలిగించి కాపలా కాస్తారు.

అందుకే సొలారిస్, రోండో, రీజెంట్ వంటి సంకర ద్రాక్ష రకాలు ఇక్కడ ఎక్కువ. సొలారిస్‌ను 1975లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రూపొందించారు. త్వరగా పండుతుంది, బూజు తెగులును తట్టుకుంటుంది. సంకర రకమంటే నాసిరకమని ముఖం చిట్లించేవాళ్లకు నేను పేరు చెప్పకుండా ముందు గ్లాసు చేతికిస్తాను.

అపోహ: ఇది తరతరాలుగా తెగకుండా వస్తున్న సంప్రదాయం.

వాస్తవం: పండుగ పాతదే, దాని ఆరంభం 1852 నాటిదని చెబుతారు. అప్పుడీ ఊరు ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో ఉండేది, పేరు గ్రూన్‌బెర్గ్. అంతకుముందే, 1826లో, ఇక్కడ గ్రెంప్లర్ సంస్థ పుట్టి నురగ వైన్ తయారీతో పేరు తెచ్చుకుంది. 1945లో సరిహద్దులు మారాయి. జర్మన్లు వెళ్లిపోవలసి వచ్చింది, పోలిష్ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. తర్వాతి దశాబ్దాల్లో తోటలు దాదాపు కనుమరుగయ్యాయి. చాలాకాలం పండుగ పేరులో ద్రాక్షకోత ఉండేది గానీ, అమ్మకానికి స్థానిక వైన్ ఉండేది కాదు.

కొత్త ఆరంభం జరిగింది ఇక్కడ కాదు, దేశానికి మరో కొసన. 1980లలో ఆగ్నేయాన యాస్వో పట్టణం దగ్గర రోమన్ మిష్లివియెత్స్ అనే ఆయన తోట వేసి, మొక్కలు పెంచి, ఇతరులకు సాగు నేర్పారు. 2008 తర్వాత చిన్న రైతులకు నిబంధనలు సడలాయి, 2011లో కొత్త వైన్ చట్టం వచ్చింది. అప్పట్లో పదుల్లో ఉన్న నమోదిత ఉత్పత్తిదారులు ఇప్పుడు 500 దాటారు. ప్రాచీన వైభవం గురించి వేదిక మీద చెప్పే మాటల కంటే ఈ పదిహేనేళ్ల కథే నాకు ఆసక్తికరం.

అపోహ: స్థానిక వైన్ కదా, చవకగా ఉండాలి. అసలైన వైన్ అంటే ఎర్రదే.

వాస్తవం: సీసా 60 నుంచి 100 జ్లోటీల (పోలండ్ కరెన్సీ) దాకా ఉండటం మామూలే. సూపర్ మార్కెట్‌లో ఇటలీ వైన్ ఇందులో సగానికే దొరుకుతుంది. తోటలు ఒకటి రెండు హెక్టార్లవి, పని చాలావరకు చేతులతోనే, ఒక చెడ్డ రాత్రికి పంట పోవచ్చు. దానికి తోడు పోలండ్‌లో వైన్‌కు వ్యాపార ప్రకటన ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. మాకు స్టాలే ప్రచారం. ఇక రంగు విషయానికొస్తే, ఈ వాతావరణంలో పులుపు నిలిచే తెల్లవి, నురగవే బాగా కుదురుతాయి. మొదటిసారి వచ్చినవాళ్లకు ఎర్రది నేను సూచించను.

అపోహ: పెనం మీద కాల్చి క్రాన్‌బెర్రీ జామ్‌తో ఇచ్చే పొగబెట్టిన జున్ను ఓస్త్సిపెక్.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఓస్త్సిపెక్ పేరుకు 2008 నుంచి ఐరోపా రక్షణ ఉంది. తత్రా కొండల గొర్రెల కాపరులు చేస్తారు. కనీసం 60 శాతం గొర్రెపాలు ఉండాలి. పొడవు 17 నుంచి 23 సెంటీమీటర్లు, బరువు 600 నుంచి 800 గ్రాములు. అరచేతిలో ఇమిడే చిన్నముక్క ఆవుపాల జున్నే అయి ఉంటుంది. రుచికి లోటేమీ లేదు, తినండి. పేరుకు మాత్రం ఎక్కువ డబ్బులివ్వకండి.

అపోహ: బంగాళాదుంప పియెరోగీ శాకాహారమే.

వాస్తవం: కజ్జికాయ ఆకారంలో ఉండే ఆ ఉడికించిన పిండివంటలో కూరేది బంగాళాదుంప, పచ్చిజున్ను. కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. "బెజ్ స్క్వార్కూఫ్" (ఆ ముక్కలు లేకుండా) అని ముందే చెప్పాలి. రొట్టె మీద తెల్లగా రాసి ఇచ్చేది వెన్న అనుకోవద్దు, అది పంది కొవ్వు, పేరు స్మాలెత్స్. ఈ సంగతి ఎవరూ చెప్పక ఇబ్బందిపడ్డ తెలుగువాళ్లను చూశాను. వైన్ కూడా అడిగి తీసుకోవలసిందే. తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రొటీన్, జెలటిన్ వాడతారు. బెంటొనైట్ మట్టి వాడేవాళ్లూ ఉన్నారు. తయారుచేసినవాళ్లే చాలాసార్లు స్టాల్‌లో ఉంటారు కాబట్టి అడగడం తేలిక.

అపోహ: బోలెస్వావియెత్స్ ఊరి నీలి చుక్కల పింగాణీ అలంకారానికే.

వాస్తవం: అది గట్టి రాతిమట్టి పాత్ర. 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. పప్పు వడ్డించుకోవచ్చు, ఓవెన్‌లోనూ పెట్టుకోవచ్చు. స్పాంజి ముద్రలతో చేత్తో వేసిన డిజైన్‌లో చుక్కలు అన్నీ ఒకేలా ఉండవు. అడుగున తయారీదారు ముద్ర చూసి కొనండి.

అపోహ: రుచి చూసిందే కదా, కారు నడపొచ్చు.

వాస్తవం: మన దేశంలో పరిమితి 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. ఆల్కహాలు. పోలండ్‌లో 20 దగ్గరే శిక్ష మొదలవుతుంది, 50 దాటితే క్రిమినల్ నేరం. వ్రొత్స్వాఫ్ నుంచి రైలుంది, రైల్లో రండి.