టవర్ పడిపోతే కబురుకు దారేది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పక్కనే ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. కరెంటు, ఫోన్లు రెండూ దెబ్బతిన్నాయి. పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు అప్పుడు వేసుకున్న ప్రశ్నే ఇంజినీర్లు యాభై ఏళ్లుగా వేసుకుంటున్నారు: టవర్ లేకుండా చేతిలోని రేడియోలే ఒకదాన్నుంచి ఒకటి కబురు అందించుకోలేవా?

దీని మొదలు సైన్యంలో ఉంది. 1973లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కదిలే వాహనాల కోసం ప్యాకెట్ రేడియో పని మొదలుపెట్టింది, అంటే కబురును చిన్న ముక్కలుగా చేసి రేడియోలో పంపడం. ల్యాప్‌టాప్‌లు వచ్చాక అది పౌరుల చేతికి చేరింది. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ మానెట్ పేరుతో, టవర్ లేకుండా కదిలే పరికరాల నెట్‌వర్క్ కోసం, ఒక బృందాన్ని పెట్టింది. అక్కడి నుంచే 2003లో ఏఓడీవీ ప్రోటోకాల్, అంటే కబురుకు దారి వెతికే నియమావళి, ప్రయోగాత్మక పత్రంగా వెలువడింది. అవసరం పడ్డప్పుడే దారి వెతకడం దాని పద్ధతి. 'ఫలానా వాడికి దారి తెలుసా' అని చుట్టుపక్కల అందరినీ అడుగుతుంది, జవాబు తిరిగొచ్చిన బాటను పట్టుకుంటుంది. అయితే అందరూ ఒకే చానల్‌లో, అంటే ఒకే రేడియో తరంగాల పట్టీలో, ఉంటారన్న ఊహ మీదే ఇదంతా నడిచేది.

ఇంకో పాయ 1999లో మొదలైంది. జోసెఫ్ మిటోలా, జెరాల్డ్ మాగ్వైర్ కాగ్నిటివ్ రేడియో అన్న ఆలోచన ముందుకు తెచ్చారు. లైసెన్సు ఇచ్చేసిన స్పెక్ట్రమ్‌లో (రేడియో తరంగాల్లో) చాలా భాగం చాలాసేపు ఖాళీగానే ఉంటోందని 2002లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కమిటీ కూడా చెప్పింది. అలాంటప్పుడు రేడియోనే ఆ ఖాళీని పసిగట్టి వాడుకోవచ్చు. ఊళ్లో లేనివాళ్ల అరుగు మీద కూర్చోవడం లాంటిదిది, యజమాని రాగానే లేవాలి.

ఈ రెండూ కలిసిన చోటే అసలు తలనొప్పి. కొండకు ఇవతలి రేడియోకు ఒక చానల్ ఖాళీ, అవతలి దానికి ఇంకొకటి. దారి అడిగే సందేశాన్ని ఏ చానల్‌లో పంపాలి? అన్నింటిలో పంపితే సమయం, బ్యాటరీ రెండూ పోతాయి. ఎవరూ కదలకపోయినా లైసెన్సుదారు రాగానే దారి తెగుతుంది. పాత ఏఓడీవీకి ఈ తేడా తెలియదు. పక్కవాడు దూరం వెళ్లిపోయాడనుకుని మళ్లీ అందరినీ అడగడం మొదలుపెడుతుంది. ఆ అడగడమే గాలిని నింపేస్తుంది.

అందుకే 2009లో కౌశిక్ చౌధురి, మార్కో డి ఫెలిస్ తెచ్చిన సెర్చ్ ప్రోటోకాల్ చానల్‌నూ దారినీ కలిపి ఎంచుకుంది, లైసెన్సుదారుల ప్రాంతాన్ని చుట్టి పోయే బాటలు వెతికింది. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు అదే. దగ్గరి దారే మంచి దారి అన్న నమ్మకం అక్కడ సడలింది. తుపాను రోజున నాలుగు అంచెల్లో పోయి తెగిపోయే దారి కన్నా ఏడు అంచెలైనా నిలిచే దారి మేలు.

మన దేశంలో దూరదర్శన్ టెరెస్ట్రియల్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి చాలావరకు మూతపడ్డాయి. కాబట్టి ఈ కొండల్లో ఖాళీ టీవీ చానళ్లకు కొరత లేదు. ఖాళీగా ఉన్నాయి కదా అని వాడేయడానికి మాత్రం కుదరదు, లైసెన్సో మినహాయింపో కావాలి.

ఇంకో చిక్కు పరిశోధనలోనే ఉంది. ఈ ప్రోటోకాళ్లను ఎక్కువగా సిమ్యులేటర్‌లోనే, అంటే కంప్యూటర్‌లో అనుకరించే పరీక్షలోనే, పరీక్షించారు. అక్కడ రేడియోలు తరచూ ఒక చదునైన చతురస్రంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటాయి. గజపతి జిల్లాలోనేమో 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది, జనం తిరిగేది లోయల వెంట, ఘాట్ రోడ్ల వెంట. చదును నేల మీద వచ్చిన మార్కులు ఇక్కడా వస్తాయని నేనైతే అనుకోను.