చెంప ఎముకకి ఒక ప్లేటా, మూడా? అసలు గొడవ ప్లేట్లతోనే మొదలైంది

బెంగళూరులో మారతహళ్లి వైపు మనవాళ్ళలో మళ్ళీ అదే చర్చ. బైక్ మీంచి పడి చెంప ఎముక విరిగితే ఒక సర్జన్ నోట్లోంచి కోసి ఎముకని పట్టి ఉంచే లోహపు ప్లేటు ఒక్కటి చాలంటారు, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే కనుబొమ్మ దగ్గర, కింది రెప్ప దగ్గర కూడా తెరిచి మూడు ప్లేట్లు వెయ్యాలంటారు, ఇంక ఇంట్లోవాళ్ళు ఎవరు డబ్బులు గుంజుతున్నారో తేల్చే పనిలో పడతారు.

నోట్లోంచి చెయ్యడం ఏదో కొత్త కాస్మెటిక్ ఫ్యాషన్ అనుకుంటున్నారు గానీ కీన్ అనే సర్జన్ దాన్ని 1909లోనే చెప్పాడు. 1927లో గిల్లీస్ అనే సర్జన్ బృందం చెప్పిన పద్ధతిలో కణత పైన జుట్టులో చిన్న కోత పెట్టి, లోపలికి ఎలివేటర్ అనే మీటలాంటి పరికరం పోనిచ్చి కుంగిన ఎముకని పైకి లేపేవాళ్ళు, అంతే. విరిగిన చోటు తెరవరు, లేపాక నిలబడితే సరే, ఒక్కోసారి మళ్ళీ జారేది. తర్వాత తీగతో కట్టడం వచ్చింది, అది ఎముక తిరగకుండా పూర్తిగా ఆపలేదు.

అసలు మలుపు 1970ల్లో, ఫ్రాన్స్‌లో మిషెలే, షాంపీ లాంటి సర్జన్ల మినీ ప్లేట్లతో, అంటే ఎముకకి స్క్రూలతో బిగించే చిన్న ప్లేట్లతో. స్క్రూ బిగించాలంటే ఎముక కంటికి కనపడాలి కదా, అందుకని ప్లేటు ఎక్కడో కోత అక్కడికి వచ్చింది. అక్కణ్ణుంచే ఎన్ని చోట్ల అనే లెక్క.

నోట్లో, పై చిగురు మీద కోస్తే బయట మచ్చ పడదు, చెంప ఎముకకి కింద నుంచి దన్నుగా ఉండే ముఖ్యమైన ఎముక భాగం నేరుగా దొరుకుతుంది. ఎముక ముక్కలవ్వకుండా ఒకే దిమ్మగా కుంగి, లేపాక కదలకుండా నిలిస్తే చాలామందికి అదొక్కటే సరిపోతుంది. రెప్ప దగ్గర కోత అలా కాదు, వెంట్రుకల కిందే కోస్తే రెప్ప కిందికి లాగినట్టయ్యి కన్ను సరిగ్గా మూసుకోకపోవచ్చు. రెప్ప లోపలి నుంచి వెళ్తే ఆ భయం తక్కువే, కానీ అరుదుగా రెప్ప లోపలికి మడత పడుతుంది. అవసరం లేనిచోట ఈ రిస్క్ ఎందుకు?

మూడు ప్లేట్ల వాళ్ళకీ పాయింట్ ఉంది: ఎముక ముక్కలైనా, కంటి గూడు అడుగు పగిలి ఒకటి రెండుగా కనపడుతున్నా నోట్లోంచి అది చూడలేరు.

కాబట్టి సీటీ స్కాన్ ముందేసుకుని, చెంప ఎముక పక్క ఎముకలతో కలిసే చోట్లలో ఏ అతుకు ఎంత జరిగిందో చూపించమని అడగండి. వాపు తగ్గేదాకా కొన్ని రోజులు ఆగొచ్చు గానీ రెండు వారాలు దాటితే ఎముక అతుక్కోడం మొదలై లేపడం కష్టం. చెంప, పై పెదవి మొద్దుబారి ఉంటే అది దెబ్బకే నరం నలిగి వచ్చింది, ఆపరేషన్‌కి ముందే కేస్ షీట్‌లో రాయించండి.