బొమ్మ గీసిన సిరాయే కాగితాన్ని తినేస్తే

16వ శతాబ్దపు ఇటలీలో మ్యానరిజం చిత్రకారులు, అంటే చిత్రకారుడు జార్జో వసారి తరం వాళ్లు, మనుషుల్ని సాగదీసి, ఒళ్లు మెలితిప్పి గీసేవారు. ఇసుక గడియారం పట్టుకున్న రెక్కల ముసలాయన అంటే కాలం, చేతిలో తెరచాప ఉన్న స్త్రీ అంటే అదృష్టం. ఇలా ఒక్కో భావానికి ఒక్కో మనిషి. అలాంటి కాగితం బొమ్మకి విలువ కట్టమంటే అందరూ ముందు ‘ఎవరు గీశారు’ అనే అడుగుతారు. నేనైతే ముందు సిరా చూడమంటాను.

ఇప్పుడు గోధుమరంగులో కనిపించే ఆ గీతలు చాలావరకు మొదట నల్లగా ఉండేవే. ఓక్ కొమ్మల మీద పురుగు గుడ్లు పెట్టినచోట లేచే బుడిపెల్ని నానబెట్టి, ఆ రసంలో అన్నభేది (ఇనుప లవణం), తుమ్మజిగురు కలిపి ఆ సిరా చేసేవారు. మన శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లంతో ఊరబెట్టిన ఇనుప నీళ్లతో గీస్తే వచ్చే నలుపుదీ ఇదే రసాయనం: ఆ బుడిపెల్లో, కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడం. పాత కలంకారీల్లో నల్లటి చోట్లే ముందు చివికిపోతాయి, ఎందుకంటే అక్కడా దోషి ఇనుమే. కాగితంలో అయితే సిరాలోని ఆమ్లం కాగితపు నారలోని సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతుంది, టానిన్‌తో కలవకుండా మిగిలిన ఇనుము గాలిలోని ఆక్సిజన్ చేసే నష్టాన్ని ఇంకా పెంచుతుంది, చివరికి గీత ఉన్నంత మేరా కాగితం చిట్లి రాలిపోతుంది.

అందుకే ముడతలు పోతాయని దయచేసి తడి గుడ్డ పెట్టకండి! నీళ్లతో పాటు ఆ ఇనుము పక్కకి పాకి, బాగున్న కాగితాన్నీ పాడుచేస్తుంది. నిపుణులు ముందు ఇనుము తగిలితే రంగు మారే బాథోఫెనాంత్రోలిన్ అనే రసాయనం పట్టించిన చిన్న కాగితం ముక్కని కాస్త తడిపి గీతకి ఆనిస్తారు, గులాబీరంగుకి తిరిగితే ప్రమాదకరమైన ఇనుము ఇంకా ఉన్నట్టే. అప్పుడు కాల్షియం ఫైటేట్ స్నానం ఒక దారి. తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లం నుంచి వచ్చే ఈ పదార్థం ఇనుముని పట్టి కట్టేస్తుంది, ఆ తర్వాత కాల్షియం బైకార్బొనేట్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కానీ నీటికి కరిగే రంగులుంటే ఈ స్నానం కుదరదు, అప్పుడు పల్చటి జపాన్ కాగితాన్ని చాలా తక్కువ తడితో, జెలటిన్‌తో వెనక నుంచి అతికిస్తారు.

ఇక కాగితం వయసు. వెలుతురుకి ఎత్తిపెడితే నీటిగుర్తు, అంటే కాగితం చేసేటప్పుడే అందులో పడే తయారీదారు గుర్తు, కనిపిస్తుంది. నీటిగుర్తుల పరిశోధకుడు బ్రికే 1907లో అచ్చేసిన పట్టికలో అలాంటివి 16,112 ఉన్నాయి. అయినా పాత కాగితం ఒక్కటే రుజువు కాదు, 20వ శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు ఎరిక్ హెబ్బోర్న్ పాత కాగితాల మీదే దొంగ బొమ్మలు గీసి మ్యూజియంలకి చేర్చాడు. వెనకవైపు పాత యజమానుల ముద్రలుంటే, బొమ్మ ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్తాయి కాబట్టి వాటికి విలువ ఎక్కువ, అందుకే అతికించేటప్పుడు అవి కప్పబడకుండా చూస్తారు.