స్పోర్ట్స్ బార్‌కి పేరు పెట్టడం: అపోహలు, వాస్తవాలు

పెద్ద తెరకి నాలుగు కొటేషన్లు తెప్పిస్తారు, వంటగది పొగగొట్టానికి కూడా బేరమాడతారు. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం బోర్డు రాసేవాడు ఫోన్ చేసి తొందరపెట్టిన రోజున ఏదో ఒకటి తేల్చేస్తారు. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఇదే వరస. అలా తేల్చేటప్పుడు వినపడే మాటలు, వాటి వెనక అసలు సంగతులు ఇవీ.

అపోహ: జీఎస్టీ వచ్చింది, ఫర్మ్ రిజిస్టరైంది. ఇక పేరు మనదే.

కాదండీ. జీఎస్టీ నంబరు పన్ను కట్టడానికి, ఫర్మ్ రిజిస్ట్రేషన్ భాగస్వాముల లెక్కకి. పేరు మీద తగువొస్తే చూసేవి రెండు: ఆ పేరు ముందు నుంచి వాడుతున్నదెవరు, ట్రేడ్‌మార్క్ ఎవరి దగ్గరుంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద సరుకులు, సేవలు నంబర్ల తరగతులుగా విడదీసి ఉంటాయి. తిండి, పానీయం వడ్డించే వ్యాపారం 43వ తరగతిలోకి వస్తుంది. మందు అమ్ముతాం కదా అని 33లో దరఖాస్తు వేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లున్నారు. 33 మద్యాన్ని సొంత బ్రాండుతో అమ్మేవాళ్లది, బీరైతే 32. టోర్నమెంట్లు, క్విజ్‌లు కూడా ఆ పేరుతోనే నడుపుతామంటే 41 కూడా కలపాలి.

ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. ఇది వ్యక్తి పేరున వేసినా, గుర్తింపున్న స్టార్టప్ వేసినా, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థ వేసినా. మిగతావాళ్లకి 9,000. మన దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వెళ్తాయి. ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రకటించాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువుంటుంది. రిజిస్టరైతే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు, తర్వాత రెన్యువల్. తెలుగు లిపిలో పేరు వేస్తే ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ లిప్యంతరం, అర్థం కూడా జతచెయ్యాలి.

దానికన్నా ముందు వెతుకులాట. ట్రేడ్‌మార్క్ సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్షరాలతో ఒకసారి, ఉచ్చారణతో ఒకసారి వెతకాలి. ‘కూత’ అనే పేరనుకోండి: ఇంగ్లిష్‌లో రెండు ఓలతో, ఒక్క యూతో, చివర హెచ్ తగిలించి, తీసేసి అన్నీ కొట్టి చూడాలి. ముందు 43, ఆ తర్వాత 41, 32, 33. ఆపైన గూగుల్ మ్యాప్స్‌లో మన జిల్లాలతోపాటు విజయవాడ, విశాఖ కూడా చూడాలి. రిజిస్టర్ చెయ్యకపోయినా మనకన్నా ముందు నుంచి వాడుతున్నవాడికి చట్టంలో రక్షణ ఉంది.

యానాం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి, ఎక్సైజు నిబంధనలు వేరు. అందుకని అక్కడి పేరు ఇక్కడ పెట్టుకోవచ్చనుకుంటారు. ట్రేడ్‌మార్క్‌కి ఆ వంతెన అడ్డం కాదు, అది దేశమంతటికీ ఒకటే.

అపోహ: ‘గోదావరి స్పోర్ట్స్ బార్’ అని పెడితే అందరికీ అర్థమవుతుంది, రిజిస్ట్రేషనూ సులువు.

అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ మాత్రం కష్టం. ‘స్పోర్ట్స్ బార్’ వ్యాపారమేంటో చెబుతుంది, ‘గోదావరి’ చోటెక్కడో చెబుతుంది. ఈ రెండు రకాల మాటలూ ఏ ఒక్కరి సొంతమూ కావని చట్టంలోని 9వ సెక్షన్ కిందే అభ్యంతరం వస్తుంది. పైగా గోదారమ్మకి పసుపు కుంకుమలిచ్చే ఊళ్లలో ఆ పేరు బార్ బోర్డు మీద ఎక్కితే ఊరిపెద్దల దాకా వెళ్తుంది. దేవుళ్ల పేర్లకీ ఇదే మాట.

అపోహ: ఆటగాడి పేరు పెడితే అభిమానులు వాళ్లే వస్తారు.

వాళ్లకన్నా ముందు లాయరు నోటీసు రావచ్చు. బతికున్న వ్యక్తి పేరుకి దరఖాస్తు వేస్తే రిజిస్ట్రార్ ఆ వ్యక్తి రాతపూర్వక అనుమతి అడగవచ్చు. చనిపోయి 20 ఏళ్లు కాకపోతే వారసులది. బ్యాడ్మింటన్ ఆడే సాత్విక్ సాయిరాజ్ అమలాపురం కుర్రాడే, క్రికెటర్ హనుమ విహారి కాకినాడలో పుట్టినవాడే. మనూరివాడన్న చనువు అనుమతి కిందికి రాదు.

బిరుదులు, జెర్సీ నంబర్ల విషయంలో కూడా జాగ్రత్త. ధోనీ ‘కెప్టెన్ కూల్’ మాట కోసం 41వ తరగతిలో దరఖాస్తు వేస్తే 2025 జూన్‌లో జర్నల్‌లో ప్రకటించారు. 18 నంబరు చుట్టూ కోహ్లీకి వన్ఎయిట్ రెస్టారెంట్లే ఉన్నాయి, అంటే నేరుగా మన వ్యాపారమే. ఐపీఎల్ జట్టు పేరులో ఒక అక్షరం మార్చి తప్పించుకుందామన్న ఉపాయం కూడా పనిచెయ్యదు. పోలిక చూసేటప్పుడు స్పెల్లింగుతోపాటు చెవికి ఎలా వినపడుతుందో కూడా చూస్తారు.

అపోహ: ఇంగ్లిష్ పేరైతేనే బార్‌కి స్టైలు.

స్టైలు సంగతి సరే, ముందు బోర్డు సంగతి చూడండి. 1990 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి, వేరే భాషలుంటే తెలుగు కిందే ఉండాలి, తెలుగుకే ఎక్కువ చోటివ్వాలి. కాబట్టి ఏ ఇంగ్లిష్ పేరైనా చివరికి తెలుగు అక్షరాల్లోకి దిగాల్సిందే. చాలా పేర్లు అక్కడే చతికిలబడతాయి.

‘స్ట్రైకర్స్’ తీసుకోండి. బోర్డు ఎత్తు నాలుగడుగులు. కింద ఇంగ్లిష్‌కి, అంచులకి పోను తెలుగు వరసకి దాదాపు 28 అంగుళాలు మిగులుతాయి. ‘స్ట్రై’లో స కింద ట ఒత్తు, ర ఒత్తు, ఐత్వం తోక అన్నీ పేరుకుంటాయి. వాటికి చోటిచ్చేసరికి అసలు అక్షరం 14 అంగుళాలకి కుంచించుకుపోతుంది. మామూలు లెక్కలో పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు ఉంటే అక్షరం హాయిగా చదవొచ్చు. అంటే ఈ బోర్డు 140 అడుగుల నుంచే సరిగా కనబడుతుంది, బైపాస్ మీద బండి ఆపే నిర్ణయానికి అది చాలదు. అదే ‘కూత’ అయితే ఒత్తుల్లేవు, అదే చోటులో అక్షరం ఇరవై అంగుళాలు దాటుతుంది.

వెలిగే అక్రిలిక్ అక్షరాలైతే ఇంకో తంటా. ఒత్తులు విడి ముక్కలుగా కోస్తారు. గీత సన్నం, లోపల ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టదు. రాత్రి ఒత్తులు, తోకలు చీకట్లో ఉండిపోయి ‘స్ట్రైకర్స్’ కాస్తా ‘సెకర్’ అవుతుంది. పేరు అదే ఉండాలని పట్టుబడితే ఒత్తుల గీత కనీసం అంగుళంన్నర మందం ఉండేలా అక్షరాలు చేత్తో గీయించండి. డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్‌లో టైపు చేసిన పేరుని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, అందుకని కటింగ్‌కి వెళ్లే ఫైలు కర్వ్స్‌గా (అంటే అక్షరాలని గీతల బొమ్మగా) మార్చాక ప్రింటు తీసి ఒక్కో అక్షరం సరిచూడాలి.

చెవి పరీక్ష కూడా చెయ్యండి. మ్యాచ్ నడుస్తున్న హోరులో ఒకడు ఫోనెత్తి “ఎక్కడున్నావురా?” అన్నవాడికి పేరు చెప్పాలి. ‘ఆఫ్‌సైడ్’ అంటే అవతల ‘ఆఫీస్ సైడా?’ అని వినపడుతుంది. ఆటో అబ్బాయికి ఒక్కసారి చెప్పి, అతన్ని తిరిగి చెప్పమనండి. నోరు తిరక్కపోతే నెల తిరిగేసరికి జనమే ‘వంతెన పక్క బార్’ అని ఇంకో పేరు పెట్టేస్తారు, మీ బోర్డు ఖర్చు వృథా.

అపోహ: క్రికెట్ మాట ఉంటే చాలు.

ఐపీఎల్ రెండు నెలల సందడి. మిగతా పది నెలలూ కబడ్డీ, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్ చూపించాలి. సిక్సర్, యార్కర్, పవర్‌ప్లే లాంటివి అందరికీ తట్టేవే, వెతికితే వరసగా దొరుకుతాయి. మన దగ్గరే మాటలున్నాయి: కూత, ఏటిగట్టు, తెరచాప. ‘ఏటిగట్టు’ అంటే పడవ పందెం చూసేవాళ్లు నిలబడే చోటు, ఆటంతా కనబడే చోటు. మా ఓటు దానికే. కోడిపందెం మాటలు మాత్రం వద్దు. సంక్రాంతికి భీమవరం చుట్టూ ఎంత జరిగినా అది చట్టరీత్యా నిషిద్ధం, లైసెన్సు మీద నడిచే బార్‌కి ఆ వాసన అనవసరం.

అపోహ: న్యూమరాలజీ ప్రకారం అక్షరాలు పెంచితే నష్టమేముంది?

నమ్మకం మీ ఇష్టం. నష్టం వెతుకులాటలో వస్తుంది. రెండు కేలు, మూడు ఎస్‌లు పెట్టిన స్పెల్లింగుని ఎవరూ టైపు చెయ్యరు. ఆ అక్షరాలేవో ఫర్మ్ పేరులో పెట్టుకుని, బోర్డుకీ మ్యాప్స్‌కీ మామూలు స్పెల్లింగ్ ఉంచండి. మ్యాప్స్‌లో పేరు పక్కన ‘బెస్ట్ బార్ ఇన్ భీమవరం’ లాంటివి తగిలించొద్దు. బోర్డు మీదున్న పేరే ఉండాలన్నది గూగుల్ నిబంధన, మీరితే లిస్టింగ్ ఆపెయ్యొచ్చు.

అపోహ: పేరులో ‘లైవ్’ పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మాటకి అక్కర్లేదు, మ్యాచ్ చూపించడానికి కావాలి. ఇంటి కనెక్షన్, సొంత ఫోన్‌లోని యాప్ చందా బార్‌లో వేసుకోవడానికి కాదు. వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి. మ్యాచ్ చూసినందుకు విడిగా టికెట్ పెడితే కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఇక బోర్డుకి అడ్వాన్సు ఇచ్చేముందు ఎక్సైజ్ లైసెన్సు, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు, జీఎస్టీలోని ట్రేడ్ నేమ్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం కలిపి చూడండి. యూపీఐ క్యూఆర్‌కి ఇచ్చే పేరు కూడా అప్పుడే తేల్చండి. స్కాన్ చేసినవాడి ఫోన్‌లో కనబడేది అదే. దాంట్లో ‘బార్’ అన్న ముక్క లేకుండా చూడమని అడిగే కస్టమర్లు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు.