గుండె నరాలు, ధమనుల బిరుసుదనం: చెన్నైలో తరచూ వినే అపోహలు

మధుమేహ చికిత్స కోసం చెన్నైకి వచ్చే తెలుగువారిలో నగరంలోనే స్థిరపడినవారితో పాటు నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి ఉదయం రైలుకు దిగేవారూ ఉంటారు. వారి నోట నేను తరచూ వినే మాటల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: నరాల జబ్బు వేరు, రక్తనాళాల జబ్బు వేరు.

వాస్తవం: ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో ఈ రెండూ తరచూ కలిసే కనిపిస్తాయి. మెడలోని కరోటిడ్ ధమని గోడలోనూ, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ సాగుదలను పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. రక్తపోటు పెరిగి గోడ సాగినప్పుడు అవి మెదడుకు కబురు పంపగా, మెదడు వేగస్ నరం ద్వారా గుండె వేగాన్ని తగ్గించి, గుండెను పరుగెత్తించి ధమనులను బిగించే సింపథెటిక్ నరాల జోరును అదుపులో పెడుతుంది. గోడ బిరుసెక్కి సాగకపోతే, నరం ఆరోగ్యంగా ఉన్నా సరే, అది పంపే కబురు బలహీనపడుతుంది. ఇక వేగస్ నరమే దెబ్బతిని సింపథెటిక్ నరాలది పైచేయి అయితే, విశ్రాంతిలో కూడా గుండె వేగంగా కొట్టుకుంటూ, ధమని కండరం బిగుసుకుంటూ, గోడ మీద ఒత్తిడి ఎక్కువవుతుంది. కాళ్లకు వెళ్లే సింపథెటిక్ నరాలను శస్త్రచికిత్సతో తొలగించినవారిలో ఆ వైపు ధమనుల మధ్యపొరలో కాల్షియం ఎక్కువగా పేరుకున్నట్టు 1983లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అంటే నరం పూర్తిగా లేకపోయినా ధమనికి క్షేమం కాదు. అధిక చక్కెర నరాన్నీ గోడనూ ఒకేసారి దెబ్బతీస్తుంది కనుక ఏది ముందు, ఏది వెనుక అన్న వాదన రోగికి పెద్దగా అక్కరకు రాదు.

అపోహ: ఆంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు కాబట్టి రక్తనాళాలు బాగున్నట్టే.

వాస్తవం: ఆంజియోగ్రామ్ రక్తం పారే దారిని చూపుతుందే తప్ప గోడకు సాగే గుణం ఎంత మిగిలిందో చెప్పదు. దాన్ని తెలుసుకోవడానికి గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమనుల్లో పుట్టే నాడి అల మెడ నుంచి గజ్జ వరకు ఎంత వేగంగా ప్రయాణిస్తుందో కొలుస్తాము. గోడ ఎంత బిరుసైతే అల అంత వేగంగా పోతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే. అయితే కొలిచే సమయానికి రక్తపోటు గాని గుండె వేగం గాని ఎక్కువగా ఉంటే ఈ అంకె కూడా పెరుగుతుంది కనుక, ఒక్క రిపోర్టు పట్టుకొని బెంబేలెత్తడం తగదు.

అపోహ: ఊరికే కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకుంటోందంటే అది టెన్షనే.

వాస్తవం: టెన్షన్ కావచ్చు, రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. అవేవీ కావని తేలాక, షుగర్ ఉన్నవారిలో వేగస్ నరాన్ని అనుమానించాలి. శరీరంలోని పొడవైన నరాల్లో ఒకటి కావడం వల్ల అది ముందుగా దెబ్బతింటుంది. దీని పరీక్ష చాలా సులువు: రోగిని పడుకోబెట్టి ఈసీజీ తీగలు తగిలించి, ఐదు సెకన్లు ఊపిరి పీల్చి, ఐదు సెకన్లు వదలమంటూ ఒక నిమిషం పాటు చేయిస్తాము. ఆరోగ్యవంతుల్లో పీల్చేటప్పుడు గుండె వేగం పెరిగి, వదిలేటప్పుడు తగ్గుతుంది. ఆ తేడా నిమిషానికి 15కు పైగా ఉంటే మంచిది, 10 లోపైతే సందేహించాలి, వయసుతో అది కొంత తగ్గడం సహజమే. నరం దెబ్బతిన్నవారి ఈసీజీ కాగితం మీద కొట్టుకోవడాలు గడియారం టిక్కుల్లా సమాన దూరంలో వరుసగా పడి ఉంటాయి. సెంట్రల్ స్టేషన్‌లో దిగగానే స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ తాగి వచ్చినవారికి మాత్రం ఈ పరీక్షను వాయిదా వేయక తప్పదు, వారు ఎంత నొచ్చుకున్నా సరే.

అపోహ: లేవగానే కళ్లు తిరిగితే బీపీ మాత్ర మానేయాలి.

వాస్తవం: ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ. పడుకున్నప్పుడు ఎక్కువగా ఉండి, నిలబడగానే పడిపోయే రక్తపోటు ఒకే మనిషిలో ఉండవచ్చు. కూర్చోబెట్టి ఒక్కసారి కొలిస్తే రెండూ కనబడవు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే అది గమనించవలసిన విషయం. అగ్నినక్షత్రం (మే నెల నడివేసవి) ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా ఇలాగే జరుగుతుంది కానీ, అప్పుడు గుండె వేగం బాగా పెరుగుతుంది. నరం దెబ్బతిన్నవారిలో రక్తపోటు పడినా నాడి దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. మాత్ర మార్చాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది ఈ అంకెలన్నీ చూశాక వైద్యులు తేల్చవలసిందే.

అపోహ: వాచీ చూపే గుండె వేగం లక్ష్యాన్ని చేరితేనే నడక ఫలిస్తుంది.

వాస్తవం: గుండె నరాలు దెబ్బతిన్నవారిలో శ్రమకు తగ్గట్టు గుండె వేగం పెరగదు, ఛాతీ నొప్పి లేకుండానే గుండెకు రక్తం చాలకపోవచ్చు. అలాంటివారు ముందుగా పరీక్ష చేయించుకొని, నటేశన్ పార్కులోనో మెరీనా తీరంలోనో నడిచేటప్పుడు వాచీలోని అంకెను పక్కన పెట్టి, పక్కవారితో మాట్లాడగలిగేంత ఆయాసాన్నే హద్దుగా పెట్టుకోవాలి. మామూలుకు మించిన అలసట, ఆయాసం, చెమటలు వస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆగిపోయి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.